తూకంలో లేని చెయ్యి

ధాన్యం కొట్టు ముందు పొగమంచు ఇంకా విడిపోలేదు. త్రాసు పళ్ళేన్ని శాలువా అంచుతో తుడిచి, అస్కలే తన సొరబుర్రను పక్కన పెట్టుకుంది. అడ్డంగా కోసి ఎండబెట్టిన బుర్ర అది. ఎన్నో ఏళ్ళ అరచేతుల రాపిడికి దాని అంచు నున్నబడి, పాత వెన్నలా పసుపు తేలింది. దేవదూత మిఖాయేలు పండుగకు ఆ పేటలో వంట ఎవరు చేసినా ఈ బుర్రతోనే కొలిచారు. ఒక బుర్ర జున్నుకు కాఫీ తాగే చిన్న గిన్నెడు మసాలా వెన్న, మూడు వేళ్ళకు వచ్చినంత ఉప్పు, చిటికెడు ఎండాకు పొడి. ఊరంతా తినే వంటకు అస్కలేకు తెలిసిన లెక్క అంతే. అది ఏనాడూ తప్పలేదు.

ఈ ఏడాది పండుగ పెత్తనం బెజాబిహ్‌ది. ఇంటింటికీ తిరిగి జున్ను పోగుచేస్తే ఒకరిది పులుపు, ఒకరిది నీళ్ళు అని, మొత్తం పాలసంఘం దగ్గరే కొందామన్నాడు. వాళ్ళు కిలోల్లో తప్ప అమ్మరు. "నీ బుర్రలు వాళ్ళకేం తెలుస్తాయమ్మా? ఒక్క బుర్ర ఎంత తూగుతుందో చూసి చెప్పు. తక్కిన గుణకారం నేను చేసుకుంటా," అని ముందురోజు సాయంత్రం గుమ్మంలో నిలబడే చెప్పి వెళ్ళాడు. అందుకే ఇంట్లో పాలు విరగ్గొట్టి గుడ్డలో వేలాడదీసిన జున్ను కొంత పట్టుకొని ఆమె పొద్దున్నే కొట్టుకు వచ్చింది.

అయితే ఆ రోజు బుధవారం. బుధ, శుక్రవారాల్లో ఆవు నుంచి వచ్చినదేదీ నోటికి పోకూడదు. ముట్టుకుంటే పాపమని ఎవరూ అనరు. చాలామంది ముట్టుకొని చేతులు కడుక్కుంటారు. అస్కలేది మరికొంచెం పట్టింపు. గోటి సందున ఒక పలుకు ఉండిపోతుంది, తెలియకుండా ఆ వేలు పెదవికి తగులుతుంది, ఎందుకొచ్చిన గొడవ అనుకుంటుంది. అందుకని కొయ్యగరిటెతో కొంచెం కొంచెంగా జున్నును బుర్రలోకి రాల్చింది. నిండాక గరిటె వెనకతో పైన చదును చేసింది.

"జున్ను కరుస్తుందా ఏంటమ్మా, అంత దూరంగా పట్టుకున్నావు?" అన్నాడు కొట్టతను.

"జున్ను కరవదు నాయనా. నాలుకే కరుస్తుంది," అంది అస్కలే.

బుర్ర బరువు తీసేస్తే ముప్పావు కిలో తూగింది. నలభై బుర్రలకు ముప్పై కిలోలు. దారిలో బెజాబిహ్ ఇంటి తలుపు తట్టి ఆ మాట చెప్పింది. గుడి గోడ పక్కగా వస్తూ, పని సులువుగా తెమిలినందుకు మిఖాయేలుకు దణ్ణం పెట్టుకుంది.

శనివారం మధ్యాహ్నానికి గుడి వెనక పందిరి కింద పొయ్యిలు వెలిగాయి. మర్నాడే పండుగ. అది వెళ్ళగానే పెద్ద ఉపవాసం మొదలవుతుంది. మళ్ళీ క్రీస్తు జయంతి దాకా పాలూ వెన్నా మాంసమూ లేవు. అందువల్ల ఆ విందుకు నడవగలిగినవాళ్ళందరూ వస్తారు, గుడి మెట్ల దగ్గరి బీదలు ముందు వరసలో కూర్చుంటారు. ఆఖరి వరస దాకా ప్రతి రొట్టె మీదా తెల్లగా జున్ను పడాలి. పడకపోతే ఆ మాట వంటమనిషి చచ్చిపోయాక కూడా బతికే ఉంటుంది.

పాత కాగుల్లో ఒకటి బీటలిచ్చింది. అందుకని అస్కలే ఆ వారం మొదట్లోనే దిగువ వాలులో ఉండే కుమ్మరి వుదేకు మూడు పెద్ద కుండలు తెమ్మని చెప్పి ఉంచింది. వుదేకు మొగుడు పోయాడు. పిల్లలు లేరు. కుండలు గాడిద మీంచి దించుతూనే, ఇవి ఇంకా పచ్చివాసన పోలేదు, గంజి పట్టించి నాలుగు రోజులు ఆగితే మంచిదని చెప్పింది. ఆగడానికి రోజులెక్కడివి? పైగా ఉల్లిపాయలు తరిగే చేతులు తక్కువగా ఉన్నాయి. ఉండి సాయం చెయ్యమంది అస్కలే. వుదే పందిరి చివర, సగం ఎండలో సగం నీడలో, అందరికీ పక్కగా కూర్చుంది. అస్కలే చూస్తుండగానే ఆమెకు దగ్గరగా ఉన్న చాపలు రెండు మెల్లగా ఇవతలికి జరిగాయి.

మట్టి మలిచేవాళ్ళకీ ఇనుము కొట్టేవాళ్ళకీ తినే కన్ను ఉంటుందని ఆ ఊళ్ళో అంటారు. వాళ్ళను బుదా అంటారు. వాళ్ళు చూసిన గిన్నె తరుగుతుంది, చూసిన మనిషి కడుపు పట్టుకొని పడిపోతాడు. గుడి గురువుగారు ప్రసంగంలో అది అజ్ఞానం అని ఏటా తిడతారు. ఆడవాళ్ళందరూ తలలూపి, ఇళ్ళకు వెళ్ళేటప్పుడు రొట్టెల గంపల మీద గుడ్డ కప్పుకొనే వెళ్తారు. అస్కలే దేవుణ్ణి నమ్మింది, దేవదూతలను నమ్మింది. ఈ కన్ను సంగతి మాత్రం ఆమె ఎటూ తేల్చుకోలేదు. తేల్చుకోవలసిన అవసరం రాలేదు.

పాలసంఘం నుంచి జున్ను బకెట్లలో వచ్చింది. బెజాబిహ్ తానే దగ్గరుండి తూయించానన్నాడు. అస్కలే మోచేతుల దాకా కడుక్కొని బుర్ర చేతిలోకి తీసుకుంది. జున్నులో ముంచింది, అరచేత్తో అదిమింది, పైన ఒక చరుపు చరిచి కుండలోకి బోర్లించింది. ముద్ద బుర్ర ఆకారంలోనే దిగింది. మళ్ళీ ముంచింది. పక్కన ఎంగుదాయ్ కూర్చొని లెక్క చెబుతోంది. గట్టిమనిషి ఎంగుదాయ్, పేటలో ఏ ఇంట్లో ఏం జరిగినా ముందు ఆమెకే తెలుస్తుంది. నలభై దాకా రావలసిన లెక్క ముప్పై ఒకటి దగ్గర ఆగింది. బకెట్ల అడుగు గీకితే అరబుర్ర వచ్చింది.

"అడుగున ఇంకేమైనా ఉందేమో చూడు వదినా," అంది ఎంగుదాయ్.

అడుగున ప్లాస్టిక్కే ఉంది. మళ్ళీ కొలుద్దామని ఎవరూ అనలేదు. దేవుడి పేరున కొలిచినదాన్ని రెండోసారి కొలిస్తే దీవెన పోతుందని వాళ్ళ నమ్మకం. ఎంగుదాయ్ తల తిప్పి పందిరి చివరకు చూసింది. ఆమె వెనకాలే మిగతావాళ్ళు చూశారు, చూసి కళ్ళు దించుకున్నారు. వుదే ఉల్లిపాయ తరుగుతోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, ఉల్లిపాయకే కావచ్చు.

పొద్దు వాలేముందు అస్కలే ఒక్కతే కుండల దగ్గరకు వెళ్ళింది. గుడ్డ తీసి చూసి, మళ్ళీ కప్పి, మళ్ళీ తీసింది. అంచు దాకా నింపిన జున్ను నాలుగు వేళ్ళ లోతుకు దిగిపోయి ఉంది. మీద చీమ కాలు పడ్డ గుర్తు కూడా లేదు. పందిట్లోకి కుక్క రాలేదు, పిల్లి రాలేదు, తాను అక్కణ్ణుంచి కదల్లేదు. మిగతా రెండు కుండలూ అంతే. చేత్తో తడిమితే కుండల వెలుపలి భాగం చల్లగా, చెమటపట్టిన ఒంటిలా తగిలింది. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కొత్త కుండ కదక్కా. తాగుతుంది," అంది వుదే. ఎప్పుడొచ్చిందో వెనకాలే నిలబడి ఉంది.

అది కుమ్మరి మాట. జున్నులోంచి ఊరే నీళ్ళను పచ్చి కుండ పీల్చుకుంటుందని అస్కలేకు తెలియనిది కాదు. కానీ ఆ చలిలో, ఆ మసకలో, 'తాగుతుంది' అన్న మాట వేరే గొంతుతో వినబడినట్టయింది. పొయ్యి అవతల ఎంగుదాయ్ గరిటె కడగడం ఆపేసింది.

పండుగ రోజున ఊరంతా చెత్త తగలబెడతారు. ఏనాడో ఆ నెలలో వచ్చిన మహమ్మారిని పొగతో తరిమారని పెద్దలు చెబుతారు. పూజ ముగిసి జనం బయటికి వచ్చేసరికి ప్రతి గడప ముందూ ఒక కుప్ప రాజుకుంది. పొగమంచు మీద పొగ కూర్చుంది. పందిరి నుంచి గుడి కనబడటం లేదు, గంట మాత్రం వినబడుతోంది. మనుషులు నాలుగడుగుల దూరంలో నీడలై, రెండడుగుల దూరంలో మనుషులవుతున్నారు.

ఆ నీడల్లో ఒకటి కూలబడింది. ఎంగుదాయ్ చెల్లెలు తిరింగో. పెళ్ళయి ఏడాది కాలేదు. పొద్దున జున్ను కుండను పొయ్యి దగ్గరకు మోసింది ఆమే. కడుపు రెండు చేతులా పట్టుకొని, మోకాళ్ళు గడ్డానికి తాకేట్టు ముడుచుకుపోయింది. నలుగురు ఆడవాళ్ళు ఆమెను చాప మీదికి లాగారు. ఎవరో శాలువా కప్పారు, ఎవరో నిప్పుల పెంకులో, తిన్నవాళ్ళ పేరు పొగతో చెప్పిస్తాయనే పచ్చి ఆకులు వేసి ఆ శాలువా కిందికి తోశారు. ఎంగుదాయ్ చెల్లెలి చెవి దగ్గర వంగి, గొంతు పెంచకుండా, లాలిపాట పాడినట్టు అడుగుతోంది.

"నిన్ను తిన్నదెవరే? చెప్పు తల్లీ, పేరు చెప్పు. ఎవరు తిన్నారు?"

శాలువా కింద తిరింగో దగ్గింది.

వుదే ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది. అస్కలే ఆమె చేతులనే చూసింది. ఎక్కువా తక్కువా కాకుండా ఒకే వేగం. లేచి వెళ్తే ఒప్పుకున్నట్టు, కూర్చుంటే తింటున్నట్టు. కంచె దగ్గర మగవాళ్ళు కొందరు చేరారు. వాళ్ళ చేతుల్లో కర్రలు లేవు. కంచెకు మాత్రం ఉన్నాయి. కిందటేడు ఎండల్లో వాలులో కమ్మరి ఇల్లు కాలిపోయింది. నిప్పు ఎలా అంటుకుందని ఊళ్ళో ఇంతవరకు ఎవరూ ఎవర్నీ అడగలేదు. తిరింగో నోటినుంచి ఒక పేరు వస్తే చాలు.

అప్పుడు బెజాబిహ్ వచ్చాడు. అతనికి ఇవేవీ పట్టలేదు, ఆఖరి వరస గురించే బెంగ. పాలసంఘంలో ఇంకా కొంత సరుకుందట, బండి సిద్ధంగా ఉందట. ఎన్ని కిలోలు తక్కువో చెప్పమన్నాడు. ఈసారి తప్పు రాకూడదని కొట్టు త్రాసు కూడా తెచ్చాడు. "ఒక్క బుర్ర తూచి చెప్పమ్మా, నీకు పుణ్యముంటుంది," అన్నాడు.

అస్కలే బుర్రను కుండలో ముంచింది, అదిమింది, చరిచింది. త్రాసు మీద పెట్టింది. బుర్ర బరువు పోను, ముల్లు ముప్పావు దాటి, ఇంకా పోయి, కిలోకు కొంచెం ఇవతల ఆగింది.

త్రాసు పాడయిందనుకున్నాడు బెజాబిహ్. అస్కలే త్రాసును చూడటం లేదు. బుర్రలోని జున్ను మీద తన అరచెయ్యి అచ్చుపడి ఉంది. బొటనవేలి కింది గుంట, చూపుడువేలి పాత కోత గీత, అన్నీ స్పష్టంగా. ఆమె దానివంక చాలాసేపు చూసింది. బుధవారం నాటి బుర్ర మీద ఏముంది? గరిటె వెనక గీసిన నున్నటి చదును. ఆ రోజు పలుకుకూ పలుకుకూ మధ్య గాలి ఉంది. ఆ గాలిని కూడా కలిపి ముప్పావు కిలో అని ఆమె బెజాబిహ్‌కు చెప్పింది. ఏళ్ళ తరబడి ఈ బుర్రలో కొలతగా ఉంటూ వచ్చింది ఈ అరచెయ్యే. దాన్ని భక్తితో ఇంట్లో వదిలేసి ఆమె తూకానికి వెళ్ళింది.

ఆమె వెళ్ళి తిరింగో చాప పక్కన నిలబడింది. తాను పెద్దగా మాట్లాడే మనిషి కాదు. తప్పు నాదని, బుధవారం కాబట్టి చెయ్యి పెట్టలేదని, అదమకుండా తూచానని, అందుకే పాలసంఘం సరుకు తక్కువ వచ్చిందని, కుండల్లో తగ్గింది ఊట నీళ్ళేనని, ఒక్కొక్క మాటే ఏరుకొని చెప్పింది. ఎవరూ ఏమీ తినలేదు, అంత జున్ను అసలు రాలేదు, రానిది ఎలా పోతుంది అని అడిగింది.

ఎంగుదాయ్ అంతా విన్నది. కోపగించుకోలేదు. జాలిగా చూసింది.

"అన్నేళ్ళ నుంచీ తప్పని చెయ్యి ఆ రోజే ఎందుకు తప్పింది వదినా?" అంది. "దాన్ని కుండలు తెమ్మని నువ్వు చెప్పింది ఎప్పుడు? ఆ ముందురోజే కదూ. దాని కన్ను నీ చెయ్యిని పట్టింది అప్పుడే."

ఆడవాళ్ళ నోళ్ళలోంచి ఒక సన్నటి నిట్టూర్పు వచ్చింది. కంచె దగ్గర ఎవరో కదిలారు. కుండలు తెమ్మని అస్కలే చెప్పింది మంగళవారమే. ఆ మాట నిజం. తన తూకం తప్పిందన్నది ఎంత నిజమో ఇదీ అంతే నిజం. రెండింటినీ ఏ త్రాసులో పెట్టాలో ఆమెకు తెలియలేదు. నిజంగా ఆ రోజు తనను ఆపింది భక్తేనా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచన ఒంటిమీద చన్నీళ్ళు పోసినట్టు దిగింది.

శాలువా కింద తిరింగో ఏదో గొణిగింది. ఎంగుదాయ్ చెవి దగ్గరగా పెట్టింది.

అస్కలే పందిరి చివరకు నడిచింది. పొయ్యి పక్కనున్న రొట్టె ఒకటి తీసి, దాని మీద జున్ను వేసి, వుదే ముందు కూర్చుంది. "నాకు ముద్ద పెట్టు," అంది.

వుదే కత్తి కింద పెట్టింది. ఆ పేటలో ఒకరికొకరు ముద్ద పెట్టుకోని విందు లేదు. కానీ వుదే చేతి ముద్ద ఎవరూ ఎన్నడూ తినలేదు.

"వద్దక్కా," అంది వుదే, పెదాలు కదలకుండా. "నాకు మంచి చేస్తున్నాననుకుంటున్నావు. రేపు నీకు కడుపులో నొప్పి వస్తే? ఎల్లుండి తలనొప్పి వస్తే? నువ్వు ఏడాదికి జ్వరపడ్డా ఈ ముద్దే అంటారు. అప్పుడు నువ్వు వాళ్ళకి ఏం చెప్తావు?"

"రాదు."

"రాదని నీకెవరు చెప్పారు?"

అస్కలే నోరు తెరిచింది. అందరూ చూస్తున్నారు. వుదే వేళ్ళు రొట్టె ముక్క తుంచి, జున్ను చుట్టి, ఆమె నోట్లో పెట్టాయి. ఆ వేళ్ళకు మట్టి వాసన, ఉల్లి వాసన ఉంది. అస్కలే నమిలింది. నెమ్మదిగా, అందరికీ కనబడేట్టు నమిలి మింగింది. ఇంకొకటి అడిగింది. ఆచారం ప్రకారం ఒక్క ముద్ద పగ పెంచుతుంది, రెండోది ఉండాలి.

చాప మీద తిరింగో శాలువా తోసేసి లేచి కూర్చుంది. పక్కకు వంగి వాంతి చేసుకుంది. నీళ్ళడిగింది. ముఖం తుడుచుకుంటూ, ఎవరూ లేరక్కా, పొగ తియ్యండి ముందు అంది. ఎంగుదాయ్ ఆమె వీపు రాస్తూ అస్కలే వైపే చూస్తోంది. కంచె దగ్గరి మగవాళ్ళు వెళ్ళిపోలేదు. కూర్చున్నారు. తినడానికి కూర్చున్నట్టే కూర్చున్నారు.

బండి వచ్చింది. జున్ను సరిపోయింది. బీదల వరస లేచింది, పెద్దల వరస కూర్చుంది. బెజాబిహ్ పొగలో అటూ ఇటూ తిరుగుతూ, ఆఖరి వరసకు కూడా అందుతోందని కనబడ్డవాళ్ళందరికీ చెబుతున్నాడు. అస్కలే గంప చంకన పెట్టుకొని రొట్టెల మీద జున్ను వడ్డిస్తోంది. రోజూ చేసే పనిలాగే ఉంది. ఒక్కటే తేడా. ఆమె ఏ వరసకు వెళ్తే ఆ వరసలో మాటలు తగ్గుతున్నాయి. చూపులు ముందు ఆమె ముఖం మీద, తరవాత కడుపు మీద ఆగి, అప్పుడు గానీ రొట్టె మీదికి దిగటం లేదు.

మూడో వరస మధ్యలో అది మొదలయింది. ముందు పక్కటెముక కింద చిన్న పట్టు. ఆమె లెక్క చెయ్యలేదు. తెల్లవారుజాము నుంచి ఏమీ తినలేదు, తిన్నది కూడా వెన్న ఓడుతున్న జున్ను, పైగా ఈ పొగ. నాలుగడుగులు వేసేసరికి అది పిడికిలి బిగించినట్టు బిగిసింది. నుదుటి మీద చెమట పట్టింది. ఇది ఆకలిదే. ఇది పొగదే. అవే మాటలు లోపల మళ్ళీ మళ్ళీ చెప్పుకుంది. వాటికి పక్కన ఇంకో మాట నిలబడి ఉంది. దానివైపు ఆమె తల తిప్పలేదు.

ఆమె ప్రార్థించింది. నొప్పి తీసెయ్యమని అడగలేదు. అడగాలనే ఉంది, కానీ ఇప్పుడు అడగవలసింది అది కాదనిపించింది. మిఖాయేలూ, దీన్ని ముఖం మీదికి రానివ్వకు అని అడిగింది. ఆమె జీవితంలో ఒకరిని ఏదో దాచిపెట్టమని వేడుకోవడం అదే మొదలు. దాచిపెట్టమనడం అబద్ధం కిందికి వస్తుందా అని గురువుగారిని అడగాలి. ఎప్పటికైనా అడగగలదో లేదో.

పొగలోంచి వుదే వచ్చి పక్కన నిలబడింది. చేతిలో ఖాళీ పళ్ళేలున్నాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ కళ్ళలోకి చూడాలని అస్కలే అనుకుంది. చూడలేకపోయింది. గంప అంచునే చూస్తూ ఉండిపోయింది. చూడలేదన్న సంగతి వుదేకు తెలిసింది. తెలిసిందని అస్కలేకూ తెలిసింది.

"నొప్పా అక్కా?" అని వుదే చాలా నెమ్మదిగా అడిగింది.

"లేదు."

"అయితే నవ్వు. చూస్తున్నారు."

అస్కలే నవ్వింది. వరస చివర, పొగ అవతల, ఎవరో ఆడమనిషి తిరిగి నవ్వింది. ఎవరో ముఖం కనబడలేదు. పిడికిలి మళ్ళీ బిగిసింది. ముందున్న ముసలాయన రొట్టె ఇంకా ఖాళీగా ఉంది. వంగడానికి ఒక పని దొరికినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకొని, అస్కలే గరిటె నిండా జున్ను తీసుకొని, ఆయన పళ్ళెం మీదికి వంగింది. వడ్డించడం అయిపోయాక కూడా, ఇంకాస్త వేయమంటారా అని అడుగుతూ, అలాగే వంగి నిలబడింది.